బొగ్గు దగ్గర కుదిరిన పొత్తు

లగ్జెంబర్గ్ దేశానికి ఆగ్నేయపు కొసన, ద్రాక్షతోటల వాలు కింద, మోసెల్ నది ఒడ్డున షెంగెన్ అనే చిన్న ఊరు ఉంది. వంతెన ఎక్కి నది దాటితే అవతలి గట్టు జర్మనీ. ఇవతలి గట్టునే కాస్త దక్షిణానికి నడిస్తే ఫ్రాన్స్. తెల్లవారింది మొదలు ఆ వంతెన మీద కార్లు, బస్సులు లగ్జెంబర్గ్ వైపు సాగుతూనే ఉంటాయి. ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంలలో కాపురముంటూ లగ్జెంబర్గ్‌లో కొలువు చేసే నర్సులు, తాపీమేస్త్రీలు, బ్యాంకు గుమస్తాల వంటి వారు రెండు లక్షలకు పైగా ఉన్నారు. పొద్దున ఒక దేశంలో పిల్లలను బడికి పంపి, మరో దేశంలో పని ముగించుకుని, సాయంత్రం మళ్లీ మొదటి దేశంలో కూరగాయలు కొనుక్కుని ఇల్లు చేరే ఈ జనానికి ఏళ్ల తరబడి సరిహద్దు అంటే దారిలో కనిపించే ఒక బోర్డు మాత్రమే.

1985 జూన్ 14న ఇదే నదిలో నిలిపిన 'ప్రిన్సెస్ మేరీ-ఆస్ట్రిడ్' అనే ఓడ మీద ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లగ్జెంబర్గ్ ప్రతినిధులు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ రోజు అధ్యక్షులు గానీ ప్రధానులు గానీ రాలేదు. తమ ఉమ్మడి సరిహద్దుల వద్ద తనిఖీలను క్రమంగా ఎత్తివేయాలన్న ఆ కాగితాన్ని సహాయమంత్రుల స్థాయి వారే పూర్తిచేశారు. పదేళ్లకు, 1995 మార్చిలో, గేట్లు నిజంగానే తెరుచుకున్నాయి. ఇప్పుడు 29 దేశాలు ఆ ఏర్పాటులో ఉన్నాయి. హైదరాబాద్ వీసా కేంద్రంలో వరుస కట్టే విద్యార్థులు, పర్యాటకులు పలికే 'షెంగెన్ వీసా' అన్న మాటలో ఉన్నది ఈ ద్రాక్షతోటల పల్లె పేరే.

ఆ గేట్ల గురించే ఇప్పుడు ఐరోపా అంతటా వాదన జరుగుతోంది. 2024 సెప్టెంబరు 16న జర్మనీ, అక్రమ వలసలను కారణంగా చూపి, తన భూసరిహద్దులన్నిటి వద్ద పోలీసు తనిఖీలను తిరిగి ప్రవేశపెట్టింది; ఒప్పందానికి నలభయ్యేళ్లు నిండిన 2025 జూన్‌లో ఉత్సవాలు జరుగుతున్న షెంగెన్‌కు అవతలి గట్టునా ఆ తనిఖీలే అమల్లో ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరు 12న షెంగెన్ దేశాల వెలుపలి సరిహద్దుల వద్ద, పాస్‌పోర్టు మీద ముద్రకు బదులుగా విదేశీ ప్రయాణికుల వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే కొత్త పద్ధతి మొదలైంది. లోపలి గోడలు పడగొట్టి, బయటి గోడను బలపరచడమన్న పాత ఏర్పాటులో మొదటి సగం సడలి, రెండో సగం బిగుస్తున్నదన్నమాట. ఈ ఏర్పాటుకు వెన్నెముక అయిన ఐరోపా యూనియన్ అనే కూటమిలో ఇరుగుపొరుగు దేశాలు 27 కలిసి, తమ అధికారంలో కొంత వదులుకుని ఒక ఉమ్మడి ఇల్లు ఎలా కట్టుకున్నాయో, ఆ ఇంట్లో రోజువారీ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలిస్తే తప్ప ఈ వాదనలోని బాధ అర్థం కాదు.

జెండాలు మారిన నేల

ఫ్రాన్స్‌కు తూర్పు అంచున, రైన్ నది పక్కన ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరం 1871లో జర్మనీకి పోయింది, 1918లో ఫ్రాన్స్‌కు వచ్చింది, 1940లో మళ్లీ జర్మన్ల వశమైంది, 1944లో తిరిగి ఫ్రాన్స్‌లో కలిసింది. 1870కి ముందు పుట్టి దీర్ఘాయువుతో బతికిన అక్కడి మనిషి, వీధి దాటకుండానే నాలుగు సార్లు దేశం మారాడు. బడి భాష మారింది, వీధి పేరు మారింది, కొడుకు వేసుకునే సైనిక దుస్తుల రంగు మారింది. ఫ్రాన్స్, జర్మనీల మధ్య డెబ్బై ఏళ్లలో మూడు యుద్ధాలు జరిగాయన్న చరిత్ర వాక్యం ఒక కుటుంబంలో ఇలా కనిపించింది.

ఈ కూటమికి పునాది వేసినవారు అలాంటి అంచుల నుంచి వచ్చినవారు కావడం యాదృచ్ఛికం కాదు. ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ లగ్జెంబర్గ్‌లో పుట్టాడు, జర్మన్ పౌరుడిగా పెరిగాడు, మొదటి ప్రపంచయుద్ధం తరువాత లోరేన్ ప్రాంతంతో పాటు తానూ ఫ్రెంచి పౌరుడయ్యాడు. ఇటలీ ప్రధాని ఆల్చిదే దె గాస్పెరి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టి, వియన్నా పార్లమెంటులో సభ్యుడిగా కూర్చున్నవాడు. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కొన్రాడ్ అడెనవర్ రైన్ తీరపు కొలోన్ నగరానికి మేయరుగా పనిచేసినవాడు. ముగ్గురికీ జర్మన్ భాష వచ్చు. సరిహద్దు గీత మనుషుల బతుకుల మీదుగా పోతే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

అయినా వీరు ప్రేమతోనో ఆదర్శంతోనో మొదలుపెట్టలేదు, బొగ్గుతో మొదలుపెట్టారు. ఆ ఆలోచన ఫ్రాన్స్ ప్రణాళికా విభాగాన్ని నడిపిన జాన్ మొనేది. కొన్యాక్ పట్టణంలో బ్రాందీ వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన మొనే, దేశాలను మాటలతో కాక లెక్కలతో కట్టివేయాలని నమ్మాడు. జర్మనీలోని రూర్ ప్రాంతంలో బొగ్గు ఉంది, ఫ్రాన్స్‌లోని లోరేన్‌లో ఇనుప ఖనిజం ఉంది. రెండూ కలిస్తే ఉక్కు అవుతుంది, ఆ రోజుల్లో ఉక్కు లేనిదే ఫిరంగి లేదు, ట్యాంకు లేదు. కాబట్టి ఆ రెండింటి ఉత్పత్తినీ ఏ దేశానికీ చెందని ఒక ఉమ్మడి సంస్థ చేతిలో పెడితే, ఒక దేశం రహస్యంగా యుద్ధానికి సిద్ధం కావడం ఊహకే కాదు, ఆచరణకూ అందకుండా పోతుందన్నది అతని వాదన. 1950 మే 9న షూమన్ ఆ ప్రతిపాదనను బహిరంగంగా ప్రకటించాడు. అడెనవర్‌కు ఆ సంగతి అదే ఉదయం అందిన ఉత్తరం ద్వారా తెలిసింది, ఆయన వెంటనే సరేనన్నాడు. యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లే గడిచాయన్నది గుర్తుంచుకుంటే ఆ 'సరే' ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

1951 ఏప్రిల్‌లో ప్యారిస్‌లో ఆరు దేశాలు, అంటే ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లగ్జెంబర్గ్, బొగ్గు-ఉక్కు సముదాయం ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాన్ని నడిపే ఉన్నతాధికార మండలి 1952లో లగ్జెంబర్గ్ నగరంలో పని మొదలుపెట్టగా, మొనే దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ మండలి సభ్యులు తమ తమ ప్రభుత్వాల మాట వినకూడదు, ఉమ్మడి ప్రయోజనమే చూడాలి. వారి నిర్ణయం సభ్యదేశాలన్నిటికీ శిరోధార్యం. దేశాల పైన నిలిచే అధికారాన్ని దేశాలే కోరి సృష్టించుకున్న ఈ ఏర్పాటు, రాయబారులు కూర్చుని మాట్లాడుకుని లేచిపోయే పాత పద్ధతికి పూర్తిగా భిన్నమైనది.

ఒక్క అడుగుకే ధైర్యం వచ్చి, ఆ దేశాలు ఉమ్మడి సైన్యం కూడా ఏర్పాటు చేయబోయాయి గానీ, 1954 ఆగస్టులో ఫ్రెంచి పార్లమెంటే దాన్ని తిరస్కరించింది. జర్మన్ల చేతికి మళ్లీ తుపాకి ఇవ్వడమన్న ఆలోచనను తట్టుకోవడం ఫ్రెంచి సమాజానికి అప్పటికి సాధ్యం కాలేదు. ఆ ఎదురుదెబ్బ తరువాత కూటమి తన దారి మార్చుకుంది: జెండా, సైన్యం వంటి మనసును తాకే విషయాలను పక్కన పెట్టి, సుంకాలు, సరుకులు, ధాన్యం ధరల వంటి విషయాలను పట్టుకుంది. 1957 మార్చి 25న కుదిరిన రోమ్ ఒప్పందం ఆ ఆరు దేశాల మధ్య ఉమ్మడి విపణికి దారి వేసింది.

ఒక కరెంటు బిల్లు, ఒక మద్యం సీసా

ఒప్పందాలు దేశాధినేతలవైతే, వాటికి ప్రాణం పోసినవి చిన్న మనుషుల చిన్న వ్యాజ్యాలు. 1960ల మొదట్లో ఇటలీ ప్రభుత్వం విద్యుత్ సంస్థలను జాతీయం చేసినప్పుడు, అందులో వాటాలున్న మిలాన్ న్యాయవాది ఒకరు అది రోమ్ ఒప్పందానికి విరుద్ధమంటూ తన కరెంటు బిల్లు కట్టడానికి నిరాకరించాడు. బిల్లు 1,925 లీరాలు, అంటే చాలా చిన్న మొత్తం. ఆ వ్యాజ్యం లగ్జెంబర్గ్‌లోని కూటమి న్యాయస్థానం దాకా వెళ్లగా, 1964 జూలైలో ఆ న్యాయస్థానం ఒక సభ్యదేశపు చట్టానికీ కూటమి చట్టానికీ వైరుధ్యం వస్తే కూటమి చట్టమే చెల్లుతుందని తేల్చింది. ఒప్పందంలో ఎక్కడా రాయని ఈ సూత్రం మీదే ఇవాళ్టి ఐరోపా నిలబడి ఉంది.

అంతకు ఏడాది ముందు, జర్మనీ నుంచి రసాయనం దిగుమతి చేసుకున్న డచ్ రవాణా సంస్థ ఒకటి తన మీద పెంచిన సుంకాన్ని సవాలు చేసినప్పుడు, కూటమి ఒప్పందం దేశాలకే కాక పౌరులకు కూడా నేరుగా హక్కులిస్తుందని అదే న్యాయస్థానం చెప్పింది. సాధారణంగా రెండు దేశాలు కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఒక దేశం ఉల్లంఘిస్తే రెండో దేశం అడగాలి తప్ప, సామాన్యుడు అడగడానికి వీలుండదు. ఇక్కడ మాత్రం కోట్లమంది పౌరులు ఒప్పందానికి కాపలాదారులయ్యారు. ఏ చిన్న పట్టణపు కోర్టులోనైనా ఎవరైనా దాన్ని చూపించి తమ ప్రభుత్వాన్ని నిలదీయగలిగారు. కూటమి చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన మలుపు మరొకటి లేదని చెప్పవచ్చు.

మూడో కథ ఒక సీసాది. ఫ్రాన్స్‌లోని డిజోన్ ప్రాంతంలో బ్లాక్‌కరెంట్ పండ్లతో చేసే 'కాసిస్' అనే తియ్యని మద్యంలో ఆల్కహాల్ 15 నుంచి 20 శాతం ఉంటుంది. జర్మనీ చట్టం ప్రకారం ఆ తరహా మద్యంలో కనీసం 25 శాతం ఉండాలి కాబట్టి, అక్కడి అధికారులు దాని అమ్మకాన్ని అనుమతించలేదు. తక్కువ ఆల్కహాల్ ఉన్న పానీయం జనాన్ని సులువుగా తాగుడుకు అలవాటు చేస్తుందని జర్మనీ ప్రభుత్వం వాదించింది. 1979లో న్యాయస్థానం ఆ వాదనను కొట్టివేసి, ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడవుతున్న సరుకును, ఆరోగ్యం వంటి బలమైన కారణం చూపితే తప్ప, మరో సభ్యదేశం అడ్డుకోరాదని తీర్పిచ్చింది. ఒకరి ప్రమాణాన్ని మరొకరు గౌరవించడమన్న ఈ సూత్రంతో జున్ను, బీరు, బొమ్మలు, బల్బులు అన్నిటికీ ఒకే నిబంధన రాసుకోవలసిన పని తప్పింది. సరుకులు, సేవలు, పెట్టుబడి, మనుషులు నాలుగూ అడ్డులేకుండా తిరిగే ఒకే విపణి 1993 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

> భీమవరం చెరువుకు బ్రస్సెల్స్ నిబంధన
>
> ఈ ఒకే విపణి ప్రభావం ఎంత దూరం పాకుతుందో గోదావరి, నెల్లూరు జిల్లాల రొయ్యల రైతులకు బాగా తెలుసు. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ వంటి యాంటీబయాటిక్‌ల అవశేషాలు రొయ్యల్లో కనిపిస్తే ఐరోపా రేవుల్లో ఆ సరుకును ఆపేస్తారు. 2016లో భారత్ చెరువు రొయ్యల నమూనా పరీక్షలను ఐరోపా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. నెదర్లాండ్స్ రేవులో అనుమతి దొరికిన కంటైనర్ పోర్చుగల్ నుంచి ఫిన్లాండ్ దాకా ఎక్కడికైనా పోవచ్చు. అక్కడ నిరాకరిస్తే 27 దేశాల తలుపూ మూసుకున్నట్టే. దేశంలో రొయ్యలు అత్యధికంగా పండించే ఆంధ్రప్రదేశ్‌లో, మేత దుకాణంలో మందు సీసా ఎంచుకునే రైతు చేతిని కూడా ఆ నిబంధన పట్టుకుంటుంది.

ఒక ఛార్జరు చట్టమైన తీరు

తెలుగు పత్రికలు ఐరోపా సమాఖ్య అని రాస్తున్నప్పటికీ, ఈ కూటమి భారత్, అమెరికాల వంటి సమాఖ్య రాజ్యం కాదు. దీనికి సొంత సైన్యం లేదు, ఆదాయపు పన్ను వసూలు చేసే అధికారం లేదు, ఉమ్మడి బడ్జెట్ సభ్యదేశాల మొత్తం ఆదాయంలో సుమారు ఒక శాతమే. అలాగని ఐక్యరాజ్య సమితి వంటి చర్చావేదికా కాదు, ఎందుకంటే ఇక్కడ చేసే చట్టం నేరుగా అమలవుతుంది. ఆ రెంటికీ నడుమ నిలిచిన ఈ ఏర్పాటు పనితీరును ఒక ఉదాహరణతో చూడటం తేలిక.

ఫోన్లన్నిటికీ ఒకే రకం ఛార్జింగ్ పోర్టు ఉండాలన్న ప్రతిపాదనను 2021 సెప్టెంబరులో ఐరోపా కమిషన్ ముందుకు తెచ్చింది. బ్రస్సెల్స్‌లో ఉండే ఈ కమిషన్‌లో దేశానికొకరు చొప్పున 27 మంది కమిషనర్లు ఉంటారు. వీరు తమ దేశ ప్రతినిధులు కారు, కూటమి మొత్తానికి జవాబుదారులు. చట్టాన్ని ప్రతిపాదించే హక్కు దాదాపుగా వీరిదే. ప్రతిపాదన రెండు సభల ముందుకు వెళ్తుంది. మొదటిది సభ్యదేశాల మంత్రులు కూర్చునే మండలి: వ్యవసాయం మీద చర్చయితే వ్యవసాయ మంత్రులు, ఆర్థికమైతే ఆర్థిక మంత్రులు వస్తారు. రెండోది పౌరులు నేరుగా ఎన్నుకునే 720 మంది పార్లమెంటు. రెండూ ఒప్పుకుంటేనే చట్టం. ఛార్జరు చట్టానికి 2022 అక్టోబరులో పార్లమెంటులో 602 మంది అనుకూలంగా, 13 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా, తరువాత మంత్రుల మండలి ఆమోదం తెలిపింది. 2024 డిసెంబరు 28 నుంచి ఐరోపాలో అమ్మే కొత్త ఫోన్లకు టైప్-సి పోర్టు తప్పనిసరైంది. అమెరికా కంపెనీ యాపిల్ 2023లోనే తన ఐఫోన్‌కు ఆ పోర్టు పెట్టింది. హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో ఒకే తీగతో రెండు రకాల ఫోన్లు ఛార్జి అవుతున్నాయంటే, ఆ సౌకర్యం వెనుక ఈ చట్టం ఉంది.

మంత్రుల మండలిలో ఓట్ల లెక్క ఆసక్తికరమైనది. చాలా విషయాల్లో నిర్ణయానికి రెండు షరతులు నెరవేరాలి: దేశాల్లో కనీసం 55 శాతం, అంటే 27లో 15, అంగీకరించాలి, ఆ దేశాల జనాభా కలిపి కూటమి జనాభాలో 65 శాతానికి తగ్గకూడదు. మొదటి షరతు చిన్న దేశాలకు రక్ష, రెండోది పెద్ద దేశాలకు రక్ష. పార్లమెంటులోనూ అదే జాగ్రత్త ఉంది: ఎనిమిది కోట్ల పైచిలుకు జనమున్న జర్మనీకి 96 స్థానాలు, ఐదారు లక్షల జనమున్న మాల్టాకు 6. జనాభా లెక్క ప్రకారం మాల్టాకు మహా అయితే ఒక్క స్థానం వస్తుంది. కానీ పొత్తులో చిన్నవాడికి కాస్త ఎక్కువ వడ్డించకపోతే వాడు పీట మీద కూర్చోడని ఒప్పందం రాసినవారు గ్రహించారు.

> ఇరవై నాలుగు భాషల సభ
>
> ఐరోపా పార్లమెంటులో సభ్యులు 24 అధికార భాషల్లో దేనిలోనైనా మాట్లాడవచ్చు. ఒక్కో భాష నుంచి మిగిలిన 23 భాషల్లోకి లెక్కిస్తే 552 జతలవుతాయి. అన్ని జతలకూ నేరుగా అనువదించేవారు దొరకరు కాబట్టి, ఎస్టోనియన్ ప్రసంగం ముందు ఇంగ్లిష్‌లోకీ, అక్కడి నుంచి మాల్టీస్‌లోకీ చేరడం మామూలే. ప్రతి చట్టమూ ఈ భాషలన్నిటిలో సమానంగా ప్రామాణికం. పార్లమెంటు తొలి ప్రత్యక్ష ఎన్నికలు 1979లో జరగగా, ఆ సభ అధ్యక్షురాలిగా ఎన్నికైన ఫ్రెంచి నాయకురాలు సిమోన్ వెయిల్, పదహారేళ్ల వయసులో నాజీల ఔష్విట్జ్ శిబిరానికి చేరి ప్రాణాలతో బయటపడిన యూదు మహిళ. ఆమె జర్మన్ సభ్యులు కూడా కూర్చున్న ఆ సభకు అధ్యక్షత వహించింది స్ట్రాస్‌బర్గ్‌లోనే.

నోటు మీది వంతెనలు

1989లో బెర్లిన్ గోడ కూలి, మరుసటి ఏడాది జర్మనీ ఒక్కటైనప్పుడు, ఎనిమిది కోట్ల జనంతో నడిమధ్యన పెరిగిన ఆ దేశాన్ని మరింత గట్టిగా ముడివేయాలని పొరుగువారు కోరుకున్నారు. 1992 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పట్టణంలో కుదిరిన ఒప్పందం కూటమికి 'ఐరోపా యూనియన్' అన్న పేరుతో పాటు ఒకే కరెన్సీ ఆశయాన్ని కూడా ఇచ్చింది. 2002 జనవరి 1న పన్నెండు దేశాల జనం చేతికి యూరో నోట్లు వచ్చాయి. ఆ నోట్ల మీద ఏ దేశ నాయకుడి బొమ్మా లేదు. ఒక వైపు కిటికీలు, ద్వారాలు, మరో వైపు వంతెనలు ఉంటాయి. ఒక దేశపు వంతెనను వేస్తే మరో దేశం నొచ్చుకుంటుందని, ఎక్కడా లేని వంతెనలను చిత్రకారుడు ఊహించి గీశాడు. కొన్నేళ్లకు నెదర్లాండ్స్‌లోని స్పైకెనిస్ అనే పట్టణం ఆ ఏడు వంతెనలనూ అవే ఆకారాల్లో, అవే రంగుల్లో తన కాలువల మీద నిజంగానే కట్టుకుంది.

అయితే డబ్బు ఒకటైంది గానీ ఖజానా ఒకటి కాలేదు, ఇబ్బంది అంతా అక్కడే వచ్చింది. సొంత కరెన్సీ ఉన్న దేశం కష్టకాలంలో దాని విలువ తగ్గించుకుని ఎగుమతులు పెంచుకోగలదు. ఒకే దేశంలోని రాష్ట్రమైతే కేంద్రం నుంచి నిధులు తెచ్చుకోగలదు. 2009 చివర బయటపడిన అప్పుల సంక్షోభంలో గ్రీస్‌కు ఆ రెండు దారులూ లేకపోయాయి. 2010, 2012, 2015లలో మూడు విడతలుగా వచ్చిన సహాయం వెంట పింఛన్ల కోతలు, జీతాల కోతలు షరతులుగా వచ్చాయి. 2013 నాటికి అక్కడ పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పైగా నిరుద్యోగులు; యువతలో సగానికి మించి. 2015 వేసవిలో బ్యాంకులు మూడు వారాలు మూతపడి, ఏటీఎంల నుంచి రోజుకు 60 యూరోలే తీసుకునే నిబంధన వచ్చినప్పుడు, ఏటీఎం కార్డు వాడటం ఎరగని ముసలివాళ్లు పింఛను కోసం బ్యాంకు మెట్ల మీద బారులు తీరారు. సంపన్న దేశాల బ్యాంకులు ఇచ్చిన అప్పుల్లో తప్పు ఇచ్చినవారిదీ తీసుకున్నవారిదీ అయినా, శిక్ష ఎక్కువగా బీదవారి మీద పడిందన్నది కాదనలేని నిజం. ఉత్తరాన ఓటర్లు తమ పన్నుల సొమ్ము పోతోందని, దక్షిణాన ఓటర్లు తమ బతుకు ఎవరో బ్రస్సెల్స్‌లో నిర్ణయిస్తున్నారని కోపగించుకున్నారు. పాఠం మాత్రం వృథా కాలేదు: కోవిడ్ కాలంలో, 2020 జూలైలో, నాలుగు రాత్రులు సాగిన చర్చల తరువాత 27 దేశాలు తొలిసారి ఉమ్మడిగా భారీ అప్పు చేసి 75 వేల కోట్ల యూరోల నిధిని పంచుకున్నాయి.

వెళ్లిపోయిన దేశం, మిగిలిపోయిన గీత

మొదట్లో చేరనన్న బ్రిటన్, తరువాత చేరతానంటే 1963, 1967లలో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ అడ్డుపడగా, చివరికి 1973లో ఐర్లండ్, డెన్మార్క్‌లతో పాటు లోపలికి వచ్చింది. 2004లో తూర్పు ఐరోపా దేశాలు సహా పది ఒక్కసారిగా చేరినప్పుడు, చాలా పాత సభ్యదేశాలు కొత్తవారి కార్మికులకు కొన్నేళ్ల నిరీక్షణ పెట్టినా బ్రిటన్ వెంటనే తలుపు తెరిచింది. పోలండ్, లిథువేనియాల నుంచి వచ్చినవారు కూరగాయల పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనికి కుదిరారు. లింకన్‌షైర్‌లోని బోస్టన్ వంటి చిన్న వ్యవసాయ పట్టణాల్లో బడులు, ఆసుపత్రులు, అద్దె ఇళ్ల మీద ఒత్తిడి పెరిగింది. 2016 జూన్ 23 ప్రజాభిప్రాయ సేకరణలో ఆ ప్రాంతంలో నలుగురిలో ముగ్గురు బయటికి పోదామన్నారు. దేశం మొత్తం మీద ఆ మాట అన్నవారు 51.9 శాతం. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి నడిచింది.

పొత్తు విడిపోవడం ఎంత కష్టమో ఐర్లండ్ ద్వీపం చూపించింది. దక్షిణాన ఐర్లండ్ కూటమిలో ఉంది, ఉత్తరాన ఉన్న భాగం బ్రిటన్‌ది. నడుమ ఉన్న సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు పొలాల మీదుగా, ఊళ్ల మధ్యగా పోతుంది. ఉత్తరాన పితికిన పాలు దక్షిణాన డెయిరీలకు చేరి, వెన్నగా, జున్నుగా మళ్లీ గీత దాటే ప్రాంతమది. మూడు దశాబ్దాల రక్తపాతం తరువాత 1998లో కుదిరిన శాంతి ఒప్పందానికి ఆ గీత కంటికి కనబడకుండా పోవడమే ఊపిరి. అక్కడ మళ్లీ గేటు పెట్టలేక, పెట్టకుండా ఉండలేక, చివరికి తనిఖీలను బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్యనున్న సముద్రం మీదికి మార్చారు. ఒక దేశం తన సొంత భూభాగాల నడుమ సరుకుల తనిఖీకి ఒప్పుకోవలసి వచ్చింది.

> అదే ఏడాది, ఢాకాలో
>
> షెంగెన్ ఒప్పందం కుదిరిన 1985లోనే, డిసెంబరు 8న, భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, భూటాన్, మాల్దీవులు కలిసి ఢాకాలో సార్క్ కూటమిని స్థాపించాయి; 2007లో అఫ్గానిస్థాన్ చేరింది. సార్క్ నియమావళి ప్రకారం ప్రతి నిర్ణయమూ ఏకగ్రీవం కావాలి, రెండు దేశాల మధ్య వివాదాలు చర్చకు రాకూడదు. దేశాలకు పైన నిలిచే న్యాయస్థానం గానీ, పౌరుడు తలుపు తట్టగల ఏర్పాటు గానీ అందులో లేవు. చివరి శిఖరాగ్ర సమావేశం 2014లో ఖాట్మండులో జరిగింది; 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసినది రద్దయింది. ఐరోపా తన వివాదానికి మూలమైన బొగ్గునే మొదట బల్ల మీద పెట్టగా, దక్షిణాసియా వివాదాన్ని బల్ల కింద దాచి మొదలుపెట్టింది.

ఒక్కరు కాదంటే

విదేశాంగ విధానం, పన్నులు, కొత్త సభ్యుల చేరిక వంటి విషయాల్లో ఐరోపాలోనూ ఏకగ్రీవమే నియమం. ఒక్క దేశం కాదంటే పని ఆగుతుంది. 2023 డిసెంబరు 14న ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టే అంశం దేశాధినేతల సమావేశానికి వచ్చినప్పుడు, హంగరీ ప్రధాని విక్టర్ ఓర్బాన్ గట్టిగా ఎదురు తిరిగాడు. గంటల చర్చ తరువాత, జర్మనీ ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ సూచన మేరకు ఆయన గది బయటికి వెళ్లగా, లోపలున్న 26 మంది నిర్ణయం తీసుకున్నారు. లేని మనిషి అడ్డు చెప్పలేదు కాబట్టి అది ఏకగ్రీవమైంది. అదే రాత్రి ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల యూరోల సహాయానికి మాత్రం ఆయన లోపలే ఉండి అడ్డుపడగా, అది ఆమోదం పొందేసరికి ఫిబ్రవరి వచ్చింది. యుద్ధంలో ఉన్న దేశానికి ఆ ఏడు వారాలు చిన్న కాలం కాదు.

ఇలా ఒక్క దేశమే అడ్డుపడగల వీటో అధికారాన్ని తీసేయాలని వాదించేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కరలేదు. కానీ వీటోను తీసేయడానికి కూడా అందరూ ఒప్పుకోవాలి. పైగా తమ ఉనికికి అదే ఆఖరి కవచమని చిన్న దేశాలు నమ్ముతాయి. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోరాదు, ఎందుకంటే పెద్ద పొరుగువారి నిర్ణయాల కింద నలిగిన చరిత్ర వాటికి ఉంది. అయితే ఆ కవచం గుమ్మం బయట నిలబడినవారి మీద ఆయుధంగా మారడం మాత్రం ఇవాళ్టి కూటమికి పట్టిన అసలు జబ్బు.

ఉత్తర మాసిడోనియా కథ చూస్తే అది తెలుస్తుంది. 20 లక్షల లోపు జనాభా ఉన్న ఈ బాల్కన్ దేశానికి 2005 డిసెంబరులో అభ్యర్థి హోదా దక్కింది. మాసిడోనియా అన్న పేరు తమ ఉత్తర ప్రాంతానిదని గ్రీస్ ఏళ్ల తరబడి దారి మూసింది. చివరికి 2018లో రెండు దేశాల సరిహద్దులోని ప్రెస్పా సరస్సు ఒడ్డున రాజీ కుదిరి, 2019లో ఆ దేశం తన పేరే మార్చుకుంది; బోర్డులు, కరెన్సీ నోట్లు, పాస్‌పోర్టులు మార్చవలసిన బాధ్యత నెత్తికెత్తుకుంది. అదే ఏడాది అక్టోబరులో, ముందు చేరిక పద్ధతినే సంస్కరించాలంటూ ఫ్రాన్స్ ఆపింది. ఆ అడ్డు తొలగిందనుకునేలోగా 2020లో బల్గేరియా, మాసిడోనియన్ భాష వేరే భాష కాదని, అది బల్గేరియన్ యాసేనని అంటూ వీటో వేసింది. 2022లో చర్చలు లాంఛనంగా మొదలైనా, రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు చేర్చితే తప్ప అవి ముందుకు సాగవన్న షరతు అలాగే ఉంది. అందుకు కావలసిన మెజారిటీ అక్కడి పార్లమెంటులో కుదరడం లేదు.

అభ్యర్థి హోదా వచ్చిన ఏడాది పుట్టిన అక్కడి పిల్లలకు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. దేశం పేరు మారడం వారు చూశారు గానీ, తలుపు తెరుచుకోవడం చూడలేదు. వారి తరంలోనూ వారి పెద్దల తరంలోనూ వేలమంది తమ పూర్వీకులది బల్గేరియన్ మూలమని పత్రాలు చూపి బల్గేరియా పాస్‌పోర్టు తీసుకున్నారు, ఎందుకంటే ఆ ఎర్ర అట్ట పుస్తకం ఉంటే జర్మనీలో పనికి ఎవరినీ అనుమతి అడగనక్కరలేదు. తమ భాషను భాష కాదన్న దేశపు పౌరులుగా పేరు రాయించుకుని, వారు ఇంట్లో ఆ భాషే మాట్లాడుకుంటూ, మ్యూనిక్ వెళ్లే బస్సు ఎక్కుతున్నారు.